తియ్యటి కాంక్రీటు

చెరుకు లారీలు బారులు తీరి గోవాడ పంచదార మిల్లు వైపు పోతున్న ఒక ఫిబ్రవరి ఉదయం, చోడవరం నుంచి విశాఖపట్నం వెళ్తున్న పరదేశి అనే టెస్టింగ్ ఇంజనీరు స్కూటరుని నంబరు ప్లేటు లేని జీపు ఒకటి గుద్దేసింది. జీపులోంచి దిగిన మనిషి పర్సు తియ్యలేదు. వాచీ ముట్టుకోలేదు. స్కూటరు డిక్కీ తెరిచి, గుడ్డలో చుట్టి ఉన్న పిడికెడు కాంక్రీటు ముక్కని జేబులో వేసుకున్నాడు. పరదేశి ఊపిరి ఆగిందో లేదో కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

"కాంక్రీటు ముక్క కోసం మనిషిని చంపుతారా సార్?" అన్నాడు చరణ్.

"అది కనుక్కోడానికే నిన్ను పిలిచాను," అన్నాడు చీఫ్ శ్యాంప్రసాద్.

హైదరాబాదులో ఆ ఆఫీసు బయట దోమతెరల ఎగుమతి సంస్థ అని బోర్డు ఉంటుంది. లోపల దోమతెర ఒక్కటీ ఉండదు. దేశానికి పనికొచ్చే గూఢచారులు ఉంటారు, చల్లారిన టీ ఉంటుంది. వాళ్ళలో అందరికన్నా చురుకైనవాడు చరణ్. పోలీసుల స్పోర్ట్స్ కోటాలో కబడ్డీ ఆటగాడుగా చేరి, అక్కణ్ణించి ఈ విభాగంలోకి వచ్చాడు. సొంత ఊరు చోడవరం పక్కన వడ్డాది. ఈ పనికి వాణ్ణే ఎందుకు పిలిచారో వేరే చెప్పక్కర్లేదు.

చీఫ్ గోడ మీది తెర లాగాడు. దాని వెనక స్టేడియం నమూనా ఫోటో ఉంది. చోడవరం శివార్లో కడుతున్నారు. వచ్చే ఆదివారం ప్రారంభోత్సవం, అదే రోజు ఆసియా ఆహ్వాన కబడ్డీ పోటీలు. అందులో చూడవలసింది వెస్ట్ గేలరీ మీది పైకప్పు. ముందు వైపు స్తంభం అన్నదే లేదు. రెండు వేలమంది తలల మీదుగా గాల్లోకి చాచిన చెయ్యిలా ఉంటుంది. కాంటిలివర్ అంటారు. పాతకాలం ఏతంలాగే, ముందు వాలిన బరువుని వెనక బరువు ఆపుతుంది. ఆ వెనక బరువు యాంకర్ బ్లాకులు, భూమిలోకి దిగేసిన కాంక్రీటు దిమ్మలు. డిజైన్ మనవాళ్ళదే, ఖర్చు విదేశీ డిజైన్‌లో సగం. ఇది నిలబడితే జిల్లాకొకటి ఇలాంటిదే కడతారు.

"పడిపోతే?" అన్నాడు చరణ్.

"ఆ ఆర్డర్లన్నీ బ్లాక్ ఆర్చ్ ముఠా నడిపే కంపెనీలకి పోతాయి. దాని మనిషి క్రాల్, అతిథుల లిస్టులో ఉన్నాడు. మన ఇంజనీర్ల పేరు ఆ శిథిలాల కిందే ఉంటుంది, రెండు వేలమందితో సహా."

చీఫ్ ఇంకో ఫోటో ముందుకు తోశాడు. నల్లకళ్ళద్దాలు, బాబ్డ్ హెయిర్. అశ్విని. స్టేడియానికి ఫ్లడ్ లైట్లు అమ్మే కంపెనీ ప్రతినిధినని తిరుగుతోంది. జీతం మన దగ్గరా తీసుకుంటుంది, బ్లాక్ ఆర్చ్ దగ్గరా తీసుకుంటుంది. పని ఎవరికి చేస్తుందో మాత్రం తనకీ తెలియదన్నాడు చీఫ్.

"మన మనిషి ఒకడు వచ్చి నిన్ను కలుస్తాడు. 'చెరుకు ఏ వైపు తీపి' అని అడుగుతాడు. నువ్వు 'వేరు వైపు' అనాలి. ఈ కోడ్ ఇప్పటికి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకు."

చెప్పనన్నాడు చరణ్. ఆ క్షణంలో నిజంగానే అన్నాడు.

*

ఫ్రెంచి గడ్డం, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, హిందీ యాసలో తెలుగు. ప్లాస్టిక్ కుర్చీల కంపెనీ ఇంజనీరు మల్హోత్రాగా చరణ్ స్టేడియంలో అడుగుపెట్టాడు. ఎస్సై సెల్యూట్ కొట్టాడు. కాంట్రాక్టరు కొబ్బరిబొండం ఇప్పించాడు. సైట్ సూపర్‌వైజరు మాత్రం దూరం నుంచే వాడి నడక చూసి, దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పాడు.

"ఒరే సరణా, గడ్డం ఎట్టుకుంటే కాలు మారిపోద్దేట్రా?"

బంగార్రాజు. వడ్డాది చెడుగుడు జట్టులో వాళ్ళిద్దరిదీ ఒకే గొలుసు. చరణ్ ఎడమచెయ్యి ఎప్పుడూ బంగార్రాజు కుడిచేతిలో ఉండేది. ప్రాక్టీసులో చరణ్ కూతకి వస్తే వాడి ఎడమ చీలమండ పట్టుకునేది కూడా బంగార్రాజే. అది కొద్దిగా పక్కకి తిరిగి ఉంటుంది. దాన్ని పట్టీ పట్టీ ఆ నడక వాడికి కంఠతా వచ్చేసింది. తల్లిలేని చరణ్‌కి చిన్నప్పుడు వాళ్ళింట్లోనే అన్నం. బంగార్రాజు తల్లి నరసమ్మని చిన్నమ్మా అని పిలిచేవాడు.

ఆ సాయంత్రం ఆ ఇంట్లోనే చేపలపులుసుతో భోంచేసి, అరుగు మీద కూచుని చరణ్ అంతా చెప్పేశాడు. పరదేశి సంగతి, క్రాల్ సంగతి, చివరికి కోడ్ కూడా. శిక్షణలో విద్యుత్ షాకులు పెట్టినా నోరు విప్పనివాడు, చేపలపులుసుకి విప్పాడు. సొంతవాళ్ళ దగ్గర దాచడం వాడికి రాదు. బంగార్రాజు ఉన్నాడంటే వాడికి సగం పని అయిపోయినట్టే.

"నేనున్నాను కదరా. నువ్వు కుర్సీలు సూసుకో, మిగతాది నేను సూస్తాను," అన్నాడు బంగార్రాజు.

వాడు లోపలికి వెళ్ళాక నరసమ్మ తమలపాకులు తెచ్చి పక్కన కూచుంది. ఆదివారం ఆట చూడాలని ఉందట. కొడుకు వద్దన్నాడట, ఆ జనంలో నలిగిపోతావన్నాడట. ఆవిడకి దిగులుగా ఉంది.

"ఎండలో కూకుంటే కళ్ళు తిరుగుతాయి బాబూ. నీడలో కుర్సీ ఏదైనా ఇప్పించు. ఆడికి సెప్పకు, కోప్పడతాడు."

కొడుకు ఎంత జాగ్రత్తపరుడో అనుకున్నాడు చరణ్. మర్నాడే వెస్ట్ గేలరీ పాసు ఒకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

*

అశ్విని శుక్రవారం నాడు తనంతట తానే వచ్చింది. కుంకుమరంగు సల్వార్, వెడల్పాటి టోపీ, మెడలో కెమెరా. గేలరీ వెనక్కి వచ్చి ఫ్లడ్ లైట్ల కేబుల్ కొలతలు చూస్తున్నట్టు వంగి, ఒక యాంకర్ బ్లాక్ ముందు ఆగిపోయింది. చరణ్, బంగార్రాజు అక్కడే ఉన్నారు.

"మిస్టర్ మల్హోత్రా, ఈ కాంక్రీటులోకి చీమలు పోతున్నాయేమిటి?"

నిజమే. ఎర్రచీమల బారు ఒకటి నేల మీంచి దిమ్మ మీదికి ఎక్కి, చిన్న పగులులోకి దిగుతోంది. చరణ్ బంగార్రాజు మొహం చూశాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వరూ మరి. కాంక్రీటు పోశాక, అది గట్టిపడ్డాక, ఎండిపోకుండా తడిగోనెలు కప్పి నీళ్ళు కొడతారు. ఏ ఊళ్ళో అయినా అంతే. చోడవరంలో చవగ్గా దొరికేవి పాత పంచదార గోనెలు. వాటి తీపి నీళ్ళలో కరిగి కాంక్రీటుకి అంటుతుంది. ఇక్కడ కొత్త శ్లాబు ఎక్కడ చూసినా చీమలు తిరుగుతూనే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు.

ఆ సంగతి చరణ్ ఆవిడకి తీరుబడిగా వివరించాడు. సొంతూరి గొప్ప చెప్పుకుంటుంటే హిందీ యాస కాస్త జారింది కూడా. అశ్విని వాడివంకా బంగార్రాజువంకా మార్చి మార్చి చూసి, ఫోటో ఒకటి తీసుకుని వెళ్ళిపోయింది.

"ఆ గుంటతో జాగర్త," అన్నాడు బంగార్రాజు.

ఇంకే ఊరివాడైనా ఆ చీమల దగ్గర ఆగి ఆలోచించేవాడు. దేశంలోకెల్లా చురుకైన గూఢచారి చోడవరం వాడు కావడం వల్ల ఆలోచించలేదు.

*

ఆదివారం పొద్దున్న లాడ్జిలో చరణ్ అద్దం ముందు గడ్డానికి జిగురు రాసుకుంటుండగా తలుపు చప్పుడైంది.

"చెరుకు ఏ వైపు తీపి?" అంది బయటి గొంతు.

"వేరు వైపు," అని చరణ్ గడియ తీశాడు.

లుంగీ కట్టుకుని టిఫిన్ క్యారియర్ పట్టుకున్న మనిషి లోపలికి వచ్చాడు. క్యారియర్ మూత కింద ఇడ్లీలు లేవు, సైలెన్సర్ ఉన్న పిస్తోలు ఉంది. చరణ్ చేతిలో షేవింగ్ క్రీం ట్యూబు ఉంది, అందులోనూ క్రీం లేదు. నొక్కగానే చిమ్మిన బాష్పవాయువుకి ఆ మనిషి కళ్ళు మూసుకుపోయాయి. గుండు గురితప్పి అద్దంలో దిగింది. మరు నిమిషంలో వాడు దోమతెర తాళ్ళతో మంచంకోడుకి కట్టుబడి ఉన్నాడు. దోమతెరల సంస్థ పేరు మొదటిసారి సార్థకమైంది.

తర్వాత చరణ్ మంచం మీద కూలబడ్డాడు. కోడ్ తెలిసినవాళ్ళు చీఫ్, తను. ఇంకొకడు. చీఫ్ అమ్ముడుపోయాడేమో అనుకుని చూశాడు. అలా అనుకోవడం తేలిగ్గా ఉంది. హైదరాబాదుకి ఫోన్ చేస్తే లైను దొరకలేదు. అయినా చీఫ్ చంపించాలనుకుంటే చోడవరందాకా పంపనక్కర్లేదు. రెండో పేరు తలుచుకోడానికి వాడికి ధైర్యం చాల్లేదు. చిన్నప్పుడు జ్వరంలో కూడా అంత ఒంటరితనం వాడెరగడు.

సందు చివర అశ్విని కారు ఆపుకుని ఉంది.

"గేటు దగ్గరికి వెళ్ళకండి," అంది. "మల్హోత్రా అనేవాడు నకిలీ, కనిపిస్తే లోపలేయండి అని పొద్దున్నే ఎస్సైకి ఫిర్యాదు అందింది. ఇచ్చినవాడు మీ స్నేహితుడు. నేను చెబితే ఎస్సై నమ్మడు, నా కంపెనీ కూడా నకిలీదే."

ఆవిడ వెనక సీటు మీంచి ఒక మూట తీసి ఒళ్ళో పడేసింది. తప్పెటగుళ్ళ దళం వేషం. రంగుల కుచ్చులు, ఛాతీకి కట్టుకుని వాయించే గుండ్రటి రేకు గుళ్ళు, కాళ్ళకి గజ్జెలు. ప్రారంభోత్సవానికి బుచ్చయ్యపేట నుంచి దళాన్ని పిలిపించారు. వాళ్ళ గుంపులో కలిసి, గుండె మీద వాయించుకుంటూ, తన మీద అరెస్టు ఆర్డరు జేబులో ఉన్న ఎస్సై ముందునుంచే చరణ్ లోపలికి వెళ్ళాడు. ఆ వేళ వాడు గుండె బాదుకోవడంలో నటన ఏమీ లేదు.

దళం మైదానంలోకి సాగింది. చరణ్ విడివడి గేలరీ వెనక్కి పరుగెత్తాడు. ఆ యాంకర్ బ్లాక్ మీద చీమలు బారు కట్టే ఉన్నాయి. ఇప్పుడు వాడు నవ్వలేదు, నిలబడి చూశాడు. దీపావళి ముందే గోనెలు తీసేశారు. ఆ తర్వాత తుపాను వానలు దంచి కొట్టాయి. పైపైన అంటిన తీపి అయితే ఎప్పుడో కడుక్కుపోవాలి. పక్క దిమ్మల మీద చీమ లేదు. ఇక్కడ మాత్రం లోపలికి పోతున్నాయి.

బెల్టు బకిల్‌లోంచి కత్తి లాగి పగుల్లో పొడిచాడు. పైన సిమెంటు పూత పెచ్చు ఊడింది. దాని వెనక కాంక్రీటు తడి ఇసుకలా రాలింది. చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాడు.

తియ్యగా ఉంది.

సిమెంటు నీళ్ళలో బెల్లం పానకం కలిస్తే ఆ కాంక్రీటుకి పట్టు రాదు. ఆ సంగతి చోడవరంలో ప్రతి మేస్త్రీకీ తెలుసు. అందుకే పంచదార గోనెలు గట్టిపడ్డాకే కప్పుతారు. పరదేశి ఇక్కడి ముక్కే తీసుకెళ్ళాడు. ఆ దిమ్మ పోసిన రోజు దగ్గరుండి పోయించింది సూపర్‌వైజరే.

ఇంకో సంగతి వాడికి అప్పుడే తట్టింది. పైకప్పు ముందంచు కింద ఇప్పటికీ నాలుగు తాత్కాలిక స్తంభాలు నిలబడి ఉన్నాయి, బంతిపూలు చుట్టి, రంగుబట్ట కప్పి. మంత్రిగారు బటన్ నొక్కగానే వించి మోటారు తీగని చుట్టుకుని నాలుగింటినీ లాగేస్తుంది. స్తంభం లేకుండా కప్పు నిలబడటం జనం కళ్ళారా చూడాలి, అదే ఇవాళ్టి ముఖ్య వినోదం. ఆ ఆలోచన బంగార్రాజుదే అని కాంట్రాక్టరు మొదటిరోజే మెచ్చుకుంటూ చెప్పాడు.

మైకులో ఉపన్యాసం ముగింపుకొస్తోంది. చరణ్ వించి గదికి పరుగెత్తాడు.

*

గదిలో బంగార్రాజు ఒక్కడే ఉన్నాడు. గజ్జెల చప్పుడుకి తిరిగి చూసి, కాళ్ళ వంక చూసి, గుర్తుపట్టాడు. మోటారుకి అవతల గోడకి మెయిన్ స్విచ్ ఉంది. ఇద్దరి మధ్యా గది వెడల్పు.

"బతికే ఉన్నావేట్రా," అన్నాడు. అందులో సంతోషం ఉందో బాధ ఉందో చరణ్‌కి తెలియలేదు.

"ఎందుకురా?" అన్నాడు చరణ్. వాడికి ఇంకేమీ అడగాలనిపించలేదు.

"సెలెక్షన్ల రోజు గుర్తుందా? పోలీసాళ్ళు ఒక్కణ్ణే తీసుకుంటామన్నారు. ఆఖరి కూతకి నువ్వొచ్చేవు. నీ మడమ నా సేతిలో ఉంది. నేను వదిలేసేను. నువ్వు గీత ముట్టేవు. నీకు అమ్మ నేదు, నువ్వైనా బాగుపడతావని. నువ్వు ఢిల్లీ ఎళ్ళేవు, దేశాలు తిరిగేవు. ఒక్కసారైనా అనుమానం రానేదేట్రా, అంత సులువుగా ఎలా తప్పించుకున్నావో?"

రాలేదు. ఆ కూతని చరణ్ జీవితమంతా తన గొప్పగానే చెప్పుకున్నాడు.

"క్రాల్ మనుసులు సింగపూర్ తీసుకెళ్తామన్నారు, స్టేడియాలు కట్టించమన్నారు. నన్ను రమ్మన్నోళ్ళు ఆళ్ళొక్కళ్ళే."

"రెండు వేలమంది ఉన్నారురా దాని కింద."

"పాసులున్నోళ్ళు. మనోళ్ళెవరున్నారు అక్కడ? మనోళ్ళంతా ఎదర ఎండలోనే కూకున్నారు."

బయట చప్పట్లు మోగాయి. మోటారు మీది ఎర్రబల్బు వెలిగింది. మంత్రిగారు బటన్ నొక్కేశారు. డ్రమ్ము మూలుగుతూ తిరగడం మొదలుపెట్టింది, వదులుగా ఉన్న తీగ బిగుసుకుంటోంది. చరణ్ దూకాడు. బంగార్రాజు వదల్లేదు. నేలమీద పడుతూనే చెయ్యి చాచి ఎడమ చీలమండ దొరకబుచ్చుకున్నాడు, గజ్జెలతో సహా. చరణ్ బోర్లా పడ్డాడు. వేళ్ళ కొసలకీ స్విచ్చి పిడికీ మధ్య జానెడు దూరం. లాగాడు, తన్నాడు, మెలి తిరిగాడు. ఆ పట్టు సంగతి వాడికి తెలుసు. దాన్లోంచి ఎవడూ బయటపడలేదు, వదిలేస్తే తప్ప.

"సిన్నమ్మ అక్కడే ఉందిరా," అన్నాడు చరణ్. "నేనే పాసు ఇచ్చేను. నీకు సెప్పొద్దంది. మూడో వరసలో కూకుంది, ఎర్రంచు సీరలో."

బయట మొదటి స్తంభం కదిలింది. బంతిపూలు జలజలా రాలుతుంటే జనం కేరింతలు కొట్టారు. పైకప్పు ఎక్కడో కిర్రుమంది.

చీలమండ చుట్టూ వేళ్ళు సడలాయి.

చరణ్ చెయ్యి పిడిని అందుకుని కిందికి లాగింది. మోటారు ఆగింది. నాలుగు స్తంభాలూ ఒక పక్కకి ఒరిగి, అలాగే నిలబడ్డాయి.

ఒరిగిన స్తంభాలు ఎంతసేపు ఆగుతాయో ఎవరికీ తెలియదు. కప్పు కూలుతోంది అంటే రెండు వేలమంది ఒకరినొకరు తొక్కుకుని చస్తారు. చరణ్ వేదిక పక్కకి పరుగెత్తి మైకు లాక్కున్నాడు.

"వెస్ట్ గేలరీలో ఉన్న పెద్దలకి మనవి. కుర్సీల కింద ఎర్రసీమలు లేచేయి. అందరూ దయచేసి నెమ్మదిగా మైదానంలోకి దిగాలి. పిల్లల్ని ముందు దింపండి."

చోడవరంలో ఆ మాట నమ్మనివాడు లేడు. కొందరికి అప్పటికే కుట్టినట్టు కూడా అనిపించింది. సఫారీ సూట్లు, పట్టుచీరలు వరసగా బట్టలు దులుపుకుంటూ, పాదాలు గోక్కుంటూ, విసుక్కుంటూ మెట్లు దిగాయి. కప్పుకి దూరంగా వేదిక మీదున్న క్రాల్ ఒక్కడే చీమల మాట నమ్మక, వెనకదారిన కారువైపు నడిచాడు. అక్కడ అశ్విని తలుపు తీసి నిలబడింది. తన మనిషే అనుకుని ఎక్కాడు. ఆ కారు నేరుగా పోలీసు స్టేషన్లో ఆగింది.

ఎర్రంచు చీర ఆఖర్న దిగింది. నరసమ్మ మైదానం గడ్డి మీద కాలు పెట్టాక గేలరీ వెనకనుంచి ఏదో తెగిన చప్పుడు వచ్చింది. కప్పు మెల్లగా ముందుకి వాలి, ఖాళీ కుర్చీల మీద కూలబడింది. దుమ్ము చెరుకుతోటల దాకా పోయింది.

*

బంగార్రాజు పారిపోలేదు. వించి గదిలోనే గోడకి ఆనుకుని కూచున్నాడు. పోలీసు జీపు దాకా చరణే నడిపించాడు, చిన్నప్పటిలాగే ఎడమచేత్తో వాడి కుడిచెయ్యి పట్టుకుని. అమ్మకోసం వదిలావా, నాకోసం వదిలావా అని అడగాలని దారిపొడుగునా అనుకున్నాడు. అడగలేదు. బంగార్రాజు కూడా ఒకటే మాట అన్నాడు, అమ్మకి నువ్వే సెప్పాలిరా అని. చరణ్ ఆ పని చెయ్యడానికి వడ్డాది వెళ్ళాడు. నరసమ్మ ఏడవలేదు. అన్నం పెట్టింది.

రాత్రికి చీఫ్ లైను కలిసింది. పక్క దిమ్మలన్నీ రాయిలా ఉన్నాయట, డిజైన్‌కి ఏ మచ్చా లేదట, చెడ్డ దిమ్మ ఒక్కటి మార్చి మళ్ళీ కడతారట. చాలా సంతోషంగా ఉన్నాడు. అశ్విని మొదటినుంచీ మన మనిషేనట.

"మరి నాకెందుకు చెప్పలేదు సార్?"

"చెబితే నువ్వు మీ వాడికి చెప్పేవాడివి. మనిషిని పంపుతానన్నది కూడా ఉత్తిదే. లోపల మనిషెవడో తెలియాలంటే, నువ్వు ఎవరితో మాట్లాడతావో, ఆ కోడ్ ఎక్కడ తేలుతుందో చూడాలి. మా అందరికన్నా ముందు నువ్వే వాణ్ణి పట్టించావు. కంగ్రాట్స్."

అంటే ఆ పిస్తోలు తన గదికి వస్తుందని చీఫ్‌కి తెలుసు. చరణ్ రిసీవర్ని కాసేపు చెవికి దూరంగా పెట్టుకున్నాడు. ఇద్దరు మనుషుల్ని నమ్మాడు. ఒకడు చంపడానికి పంపితే, ఒకడు చావడానికి పంపాడు. వాళ్ళలో చివరి క్షణంలో పట్టు సడలించింది జీపెక్కినవాడే.

"చరణ్, లైన్లో ఉన్నావా? కొత్త అసైన్‌మెంట్ ఉంది. కోడ్ వర్డ్ చెబుతాను. ఈసారి నిజంగానే ఎవరికీ చెప్పకు."

"చెప్పుకోడానికి ఉన్న ఒక్కణ్ణీ ఇవాళే జీపెక్కించాను సార్. చెప్పండి."